మెగ్నీషియం గుంపులోంచి లిథియం: పాలిమర్ పొరలతో ప్రాజెక్టు డైరీ

1వ రోజు: ఫీడ్ కలపడం

పని ఇది. మెగ్నీషియం, లిథియం కలిసి ఉన్న ఉప్పునీటిని, అంటే ఫీడ్‌ను, ఒత్తిడితో పాలిమర్ పొర మీదుగా నడపాలి. లిథియం అటు దాటాలి, మెగ్నీషియం ఇటే ఆగాలి. బరువులో లిథియం ఒక వంతుకు మెగ్నీషియం 20 వంతులు పెట్టుకున్నాం. బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం బ్రైన్‌లో, అంటే చిక్కటి ఉప్పునీటిలో, ఈ నిష్పత్తి దాదాపు ఇంతే ఉంటుంది. చిలీలోని అటకామాలో అది 6 పైచిలుకు మాత్రమే కాబట్టి అక్కడ మడుల్లో ఎండబెట్టి, మిగిలిన మెగ్నీషియాన్ని సున్నంతో తీసేసినా గిట్టుబాటవుతుంది. 20 దగ్గర సున్నం ఖర్చు తడిసి మోపెడవుతుంది, బురదతో పాటు లిథియం కూడా కొంత పోతుంది.

నౌపడ, చినగంజాం ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలే చేదునీటితో ఇది చేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు లిథియం 0.17 మి.గ్రా., మెగ్నీషియం సుమారు 1,290 మి.గ్రా. అంటే నిష్పత్తి 7,500 దాటింది. నీరు ఇంకి ఉప్పు దిగిపోయినా ఆ నిష్పత్తి తగ్గదు. ఈ పొరతో అది అయ్యే పని కాదు. దాన్ని ఇక్కడితో వదిలేశాం.

5 లీటర్ల ఫీడ్‌కు లెక్క: రెండు క్లోరైడ్లూ కలిపి లీటరుకు 2 గ్రాములు. అందులో లిథియం 23.7 మి.గ్రా., మెగ్నీషియం 474 మి.గ్రా. పడతాయి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 19.8 గ్రా. తూచి వేయడమే. లిథియం క్లోరైడ్‌తోనే చిక్కు. సీసా మూత తీసిన నిమిషంలో గాలిలో తేమ పీల్చి త్రాసు మీదే బరువు పెరుగుతూ పోతుంది. అందుకని లిథియం కార్బొనేట్ తీసుకున్నాం. 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి 0.630 గ్రా. తూచి, కొద్దిపాటి నీళ్లలో వేసి, 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 17.1 మి.లీ. చుక్కచుక్కగా పోశాం. బుడగలు ఆగాక కాసేపు మరిగించి, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను వెళ్లగొట్టి, చల్లార్చి, పెద్ద పాత్రలో కలిపి 5 లీటర్లకు పూరించాం. పీహెచ్ 5.8.

ఈ ద్రావణం ఆస్మాటిక్ ఒత్తిడి, అంటే దాటబోయే నీటిని ఉప్పు వెనక్కి లాగే ఒత్తిడి, లెక్కలో 1.6 బార్ వస్తుంది. 5 బార్ దగ్గర నడిపితే నీటిని నిజంగా నెట్టే ఒత్తిడి మూడున్నర బార్‌కు మించదు.

3వ రోజు: సెల్, పంపు

పంపు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఇళ్లలో నీళ్ల ఫిల్టర్‌కు వాడే 24 వోల్టుల బూస్టర్ పంపు సరిపోతుంది. పావు అంగుళం ట్యూబు, నొక్కితే పట్టుకునే కనెక్టర్లు, ఎల్బోలు అన్నీ ఫిల్టర్లు బాగుచేసే దుకాణంలోనే దొరుకుతాయి. సెల్ (పొరను బిగించే పెట్టె) నుంచి తిరిగి వచ్చే గొట్టం మీద నీడిల్ వాల్వ్ పెట్టి, దాన్ని బిగిస్తూ 5 బార్‌కు తెచ్చాం. ఆ ఒత్తిడి దగ్గర నిమిషానికి 0.8 లీటర్ల ప్రవాహం వచ్చింది.

అదే దుకాణంలో పాడైపోయిన ఆర్‌వో మెంబ్రేన్ ఒకటి ఊరికే ఇస్తారు. దాన్ని నిలువునా కోసి విప్పితే రెండు సరుకులు దొరుకుతాయి: వజ్రాల గళ్ల ప్లాస్టిక్ జాలి, సన్నటి అల్లిక బట్ట. జాలిని పొర పైన, ఫీడ్ వైపు వేస్తే ప్రవాహం గింగిరాలు తిరుగుతూ పొర మీద ఉప్పు పేరుకోకుండా చూస్తుంది. బట్టను పొర కింద వేస్తే దాటివచ్చిన నీరు పక్కకు జారడానికి దారి అవుతుంది. రెండింటినీ సబ్బు లేకుండా, వేడి నీళ్లలో మూడుసార్లు కడగాలి.

పొర పనిచేసే వైశాల్యం 3.5 x 12 సెం.మీ., అంటే 42 చదరపు సెంటీమీటర్లు. చూడ్డానికి అరచేతిలో సగం. కానీ 5 బార్ దగ్గర ఆ కాస్త చోటు మీద పడే బలం రెండు క్వింటాళ్లు దాటుతుంది. 12 మి.మీ. యాక్రిలిక్ పలకలు మధ్యలో ఉబ్బి ఓ-రింగ్ పక్కనుంచి నీరు చిమ్మింది. 20 మి.మీ. హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పలకలు, వాటికి బయట 6 మి.మీ. స్టీలు పట్టీలు వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాక ఆగింది.

ఫీడ్ తొట్టి లీటర్లలోనే ఉండడంతో పంపు వేడికి ద్రావణం రెండు గంటల్లో 28 నుంచి 35 డిగ్రీలకు చేరింది. ఒక్కో డిగ్రీకి ఫ్లక్స్, అంటే పొరను నీరు దాటే వేగం, రెండు, మూడు శాతం పెరుగుతుంది. పట్టించుకోకపోతే పొర బాగుపడిందనే భ్రమ కలుగుతుంది. తొట్టిలో ఐస్ కట్టిన నీళ్ల సీసా ఒకటి వేసి 27 దగ్గర నిలబెట్టాం.

6 నుంచి 8: ఆధారపు పొర

అసలు పని చేసే పొర మందం మైక్రాన్‌లో చిన్న భాగం. అది తనంతట తాను నిలబడదు. కింద సన్న రంధ్రాల పాలీసల్ఫోన్ పొర, దాని కింద పాలిస్టర్ నాన్‌వోవెన్ బట్ట ఉండాలి. తయారైన అల్ట్రాఫిల్ట్రేషన్ షీటు కొనుక్కుంటే మంచిది. పోత పోయాలనుకుంటే మా పాళ్లు: 80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరిన పాలీసల్ఫోన్ గుళికలు 17 గ్రా., డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ ద్రావకం) 83 గ్రా. 60 డిగ్రీల దగ్గర 8 గంటలు కలిపి, బుడగలు పోవడానికి మరో రాత్రి కదపకుండా ఉంచాలి. గాజు పలకకు బట్టను బిగువుగా అతికించి, 150 మైక్రాన్ల సందున్న కాస్టింగ్ కత్తితో ఒకే చేత్తో, ఒకే వేగంతో లాగి, పది సెకన్లలోపు పలకను నీళ్ల తొట్టిలోకి ఏటవాలుగా దించాలి. తెల్లగా గడ్డకడుతుంది. ఆ తర్వాత 24 గంటలు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. డీఎంఎఫ్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

వానరోజుల్లో ఈ పోత సరిగా రాదు. గాలిలో తేమ 80 శాతం దాటితే నీళ్లలోకి దించకముందే పైపొర మంచు పట్టినట్టు మసకబారుతుంది, రంధ్రాలు పెద్దవవుతాయి. పోత గదిలో ఏసీ వేసి తేమ 50కి దించాకే మళ్లీ మొదలుపెట్టాం.

9వ రోజు: అసలు పొర

పద్ధతి ఇంటర్‌ఫేషియల్ పాలిమరైజేషన్. నీళ్లలో ఒక మందు, హెక్సేన్‌లో ఇంకొకటి. రెండూ కలవవు కాబట్టి అవి కలుసుకున్న గీత మీదే పాలిమర్ పుడుతుంది, పుట్టి తన దారి తానే మూసుకుంటుంది. ఇప్పటి ఆర్‌వో మెంబ్రేన్లలో చాలావరకు ఇలా పుట్టినవే. జాన్ కాడొట్ 1970లలో చేసిన తొలి మిశ్రమ పొరల్లో ఒకదానికి ముడిసరుకు పాలీఇథిలీన్ఇమైన్, అంటే పీఈఐ. మాదీ అదే. కారణం వేరు: పీఈఐలో అమైన్ గుంపులు ఎక్కువ. తటస్థ నీటిలో అవి ప్రోటాన్ పట్టుకుని ధన ఆవేశంతో ఉంటాయి. రెండు ధన ఆవేశాలున్న మెగ్నీషియాన్ని ధన ఆవేశపు గోడ గట్టిగా తోస్తుంది, ఒక్కటే ఉన్న లిథియాన్ని అంత తోయదు. పరిమాణంతో చూసినా నీటి అణువులను కట్టుకున్న మెగ్నీషియం అర్ధవ్యాసం 4.28 ఆంగ్‌స్ట్రామ్‌లు, లిథియం 3.82. తేడా తక్కువే. జల్లెడ ఒక్కటే అయితే సరిపోదు, ఆవేశం తోడు కావాలి.

పీఈఐ 50 శాతం ద్రావణంగా వస్తుంది, లేత పాకంలా సాగుతుంది. పిప్పెట్‌తో తీయడానికి ప్రయత్నించొద్దు, బీకరును త్రాసు మీదే పెట్టి తూచి పోయాలి. 2 గ్రాములు, నీళ్లు 98 గ్రాములు కలిపితే 1 శాతం. రెండో ద్రావణం: ట్రైమెసోయిల్ క్లోరైడ్, టీఎంసీ, 0.1 గ్రా., 100 మి.లీ. ఎన్-హెక్సేన్‌లో.

టీఎంసీతో ఎండాకాలపు చిక్కు ఒకటి ఉంది. దాని కరిగే స్థానం 32 నుంచి 38 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో సీసా తెరిస్తే పొడి కాదు, ద్రవం కనిపిస్తుంది. కరగడం వల్ల పాడవదు. చల్లటి సీసాను గాలిలో తెరిచినప్పుడు లోపలికి చేరిన తేమ దాన్ని ఆమ్లంగా మార్చి పాడుచేస్తుంది. హెక్సేన్‌లో వేశాక అడుగున కరగని తెల్లటి నలుసులు మిగిలితే అది ట్రైమెసిక్ ఆమ్లం, ఆ సీసా పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయకూడదు.

చేసిన వరుస: ఆధారపు పొరను చట్రంలో బిగించి 30 మి.లీ. పీఈఐ ద్రావణం పోశాం. రెండు నిమిషాలు. వంచేసి, నిమిషం నిలబెట్టి, రబ్బరు రోలరుతో మిగులు తడి తీశాం. 30 మి.లీ. టీఎంసీ ద్రావణం ఒక మూల నుంచి పోసి 60 సెకన్లు ఉంచాం. వంచేసి, శుభ్రమైన హెక్సేన్ 20 మి.లీ.తో కడిగి, 60 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు. హెక్సేన్ వాసన పూర్తిగా పోయాకే ఓవెన్‌లో పెట్టాలి. ఆ తర్వాత నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో దాచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఫ్లేమ్ ఫోటోమీటర్ (మంటతో లిథియం కొలిచే పరికరం) ఉన్న గదిలో ఈ పని అసలు చేయొద్దు.

వరుసంతటిలో ఫలితాన్ని తేల్చేది రోలరే. పొర మీద తడి చుక్క మిగిలితే ఆ చుక్క అంచు చుట్టూ పాలిమర్ మడతపడి చినుగుతుంది. మరీ ఆరిపోతే రంధ్రాల్లోకి ద్రావణం దిగిపోయి పైన ఏమీ పుట్టదు. లైటును పక్కనుంచి పడేలా పెట్టి చూడాలి: తడి మెరుపు పోవాలి, పొర తెల్లబారకూడదు. ఆ రెండింటి మధ్య దొరికేది ఇరవై, ముప్పై సెకన్లే.

11వ రోజు: 1 నుంచి 4 వరకు పొరలు, నాలుగూ పారేశాం

1వ పొర: ఫ్లక్స్ గంటకు చదరపు మీటరుకు 41 లీటర్లు, మెగ్నీషియం రిజెక్షన్, అంటే పొర ఆపిన పాలు, 38 శాతం. అంత నీరు దాటుతోందంటే ఎక్కడో కన్నం ఉంది.

కన్నాలు పట్టుకోవడానికి మిథిలీన్ బ్లూ. లీటరుకు 10 మి.గ్రా. కలిపి 2 బార్ దగ్గర పది నిమిషాలు నడిపి, పొరను తిప్పి బట్ట వైపు చూశాం. మిథిలీన్ బ్లూ ధన ఆవేశపు రంగు కాబట్టి బాగున్నచోట పొర దాన్ని తోసేస్తుంది, కన్నం ఉన్నచోట కిందికి దిగి బట్ట మీద చుక్క పెడుతుంది. 1వ పొరలో చుక్కలు ఒకే వరుసలో, సమాన దూరంలో పడ్డాయి. రోలరు చుట్టుకొలతకు ఆ దూరం సరిగ్గా సరిపోయింది. రబ్బరులో ఇరుక్కున్న ఇసుక రేణువు ఒకటి తిరిగిన ప్రతిసారీ గుచ్చింది. 2, 3 పొరల్లో చుక్కలు అంచుల దగ్గరే ఉన్నాయి, ఓ-రింగ్ నొక్కిన గీత అది. పొరను తడిగా ఉండగానే సెల్‌లో పెట్టి, ఓ-రింగ్ కింద వాల్వ్‌ల దుకాణంలో దొరికే పలుచటి సిలికాన్ షీటు ఒక చట్రంగా కోసి వేశాక పోయింది. 4వది పోత లోపం, బుడగ.

14వ రోజు: మెగ్నీషియం ఎక్కువగా కనిపించిన వారం

కన్నాలు లేని 5వ పొర కూడా రిజెక్షన్ 84 శాతం దగ్గరే ఆగింది. ఆ పైన టైట్రేషన్ రీడింగులు కుదురుగా లేవు.

మెగ్నీషియం కొలిచేది ఈడీటీఏతో, లోహ అయాన్లను పట్టుకునే మందు అది. 0.01 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ. అంటే 0.243 మి.గ్రా. మెగ్నీషియం. ఫీడ్ 10 మి.లీ.కు 19.5 మి.లీ. పడాలి. పర్మియేట్‌లో, అంటే పొర దాటివచ్చిన నీటిలో, తక్కువ ఉంటుంది కాబట్టి 50 మి.లీ. తీసుకోవాలి, లేకపోతే బ్యూరెట్‌లో ఒక మి.లీ. తేడా మీద ఫలితం ఊగిసలాడుతుంది. బఫర్: అమ్మోనియం క్లోరైడ్ 17.5 గ్రా., గాఢ అమ్మోనియా 142 మి.లీ., 250 మి.లీ.కు పూరించాలి. సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. ద్రాక్షరసం రంగు నుంచి శుభ్రమైన నీలానికి మారాలి.

మారలేదు. ఊదా రంగు దగ్గర నిలిచిపోయింది. ఎంత పోసినా అంతే. ఫీడ్‌ను తాజాగా కలిపి టైట్రేట్ చేస్తే చక్కగా నీలం వచ్చింది, రాత్రంతా లూప్‌లో తిరిగిన ఫీడ్‌తో రాలేదు. రాగి ఉంటే ఈ సూచిక దానితో విడిపోకుండా ముడిపడిపోతుంది. లూప్‌లో ఇత్తడి ఎక్కడుందా అని వెతికితే ప్రెషర్ గేజ్ మెడ, నీడిల్ వాల్వ్ రెండూ ఇత్తడివే. క్లోరైడ్ నీటికి ఇత్తడి రాగిని, జింకునూ వదులుతుంది. రాగి సూచికను పాడుచేస్తుంది. జింకు అంతకంటే మోసకారి: ఈడీటీఏ దాన్ని కూడా మెగ్నీషియంతో కలిపి లెక్కేస్తుంది, రంగు మాత్రం బాగానే మారుతుంది. గేజ్, వాల్వ్ రెండూ స్టెయిన్‌లెస్ 316కి మార్చి, లూప్‌ను పలుచటి సిట్రిక్ ఆమ్లంతో, తర్వాత నీళ్లతో నాలుగుసార్లు కడిగాం. ఆ వారం రీడింగులన్నీ కొట్టేశాం.

లిథియం కొలత ఫ్లేమ్ ఫోటోమీటర్‌తో, 671 నానోమీటర్ల ఫిల్టర్. లీటరుకు 1, 2, 3, 5 మి.గ్రా. ఉన్న ప్రమాణ ద్రావణాలు. నమూనాను అయిదు, ఆరు రెట్లు పలుచన చేసి ఆ హద్దులోకి తేవాలి. ప్రమాణ ద్రావణాల్లోనూ నమూనాలో ఉన్నంత మెగ్నీషియం కలపాలి. ఫీడ్‌కు ఒక వరుస, పర్మియేట్‌కు ఇంకో వరుస చేయాలి, ఎందుకంటే రెండింట్లో మెగ్నీషియం పాళ్లు ఒకటి కావు. బద్ధకించి స్వచ్ఛమైన లిథియం ప్రమాణాలతో కొలిస్తే వేర్పాటు గుణకంలో (ఫీడ్ మెగ్నీషియం-లిథియం నిష్పత్తిని పర్మియేట్ నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) పొర గొప్పతనమెంతో, మంట చేసిన తప్పెంతో తేలదు.

17వ రోజు: రెండోసారి పీఈఐలో ముంచడం

ఇత్తడి పోయాక 5వ పొర అసలు రిజెక్షన్ 87 అని తేలింది. ఇంకా తక్కువే. కారణం పొర పైముఖంలో ఉంది. టీఎంసీ హెక్సేన్ వైపు నుంచి వస్తుంది కాబట్టి పైముఖంలో స్పందించని ఆమ్ల క్లోరైడ్ గుంపులు మిగిలిపోతాయి. నీళ్లు తగలగానే అవి కార్బాక్సిల్‌గా మారి రుణ ఆవేశం తెచ్చుకుంటాయి. ధన ఆవేశం అంతా కింద, ఫీడ్ తగిలే చోట రుణ ఆవేశం. చేసిన శ్రమకు సరిగ్గా ఎదురు పని.

7వ పొరకు హెక్సేన్ కడుగుడు అయిన వెంటనే, ఓవెన్‌కు ముందు, 0.5 శాతం పీఈఐ ద్రావణం మళ్లీ పోసి రెండు నిమిషాలు ఉంచాం. మిగిలిన ఆమ్ల క్లోరైడ్లు నీటిని కాక అమైన్‌ను పట్టుకుంటాయి. ఆలస్యం చేస్తే నీటి ఆవిరే వాటిని తినేస్తుంది. హెక్సేన్ వంచేశాక అర నిమిషం దాటనివ్వలేదు.

7వ పొర, మిశ్రమ ఫీడ్, 5 బార్, 27 డిగ్రీలు, మొదటి గంట నీరు పారేసి తర్వాత పట్టినది: ఫ్లక్స్ 17, అంటే మా సెల్‌లో గంటకు 71 మి.లీ. పర్మియేట్ 50 మి.లీ.కు ఈడీటీఏ 5.85 మి.లీ. పడింది, మెగ్నీషియం లీటరుకు 28.4 మి.గ్రా., రిజెక్షన్ 94 శాతం. లిథియం 17.3 మి.గ్రా., రిజెక్షన్ 27. మెగ్నీషియం-లిథియం నిష్పత్తి 20 నుంచి 1.64కి దిగింది. వేర్పాటు గుణకం 12.2.

18వ రోజు: విడి ఉప్పులతో కొలిస్తే

అదే పొర మీద, అదే గాఢతలో లిథియం క్లోరైడ్ ఒక్కటే నడిపాం. రిజెక్షన్ 64 శాతం! మెగ్నీషియం క్లోరైడ్ ఒక్కటే నడిపితే 95. ఈ రెండంకెలతో లెక్క కడితే గుణకం 7.2 దగ్గర ఆగుతుంది, పొర మామూలుదేనని పక్కన పెట్టేస్తాం.

మిశ్రమంలో లిథియం ఎందుకు అంత తేలిగ్గా దాటింది? పొరను దాటే ద్రావణం విద్యుత్ పరంగా తటస్థంగా ఉండాలి. ఫీడ్‌లో క్లోరైడ్‌లో చాలా భాగం మెగ్నీషియంతో వచ్చిందే. ధన ఆవేశపు పొరకు క్లోరైడ్ ఇష్టమైన అయాన్, అది దాటుతుంది. దాటిన ప్రతి క్లోరైడ్‌కు జతగా ఒక ధన ఆవేశం వెళ్లాలి. మెగ్నీషియాన్ని పొర రానివ్వదు, ఇక మిగిలింది లిథియమే. విడిగా ఉన్నప్పుడు క్లోరైడ్‌ను లాక్కెళ్లే రెండో ఉప్పు లేదు, లిథియం కూడా గోడ దగ్గరే ఆగింది. దానికి తోడు మిశ్రమంలో అయాన్లు ఎక్కువ కావడంతో పొర ఆవేశం కొంత కప్పబడుతుంది. మెగ్నీషియం పాలు ఇంకా పెంచితే లిథియం రిజెక్షన్ సున్నా కిందికి పోవడం కూడా సాధ్యమే: పర్మియేట్‌లో ఫీడ్‌కంటే లిథియం గాఢంగా ఉంటుంది. విడి ఉప్పుల రీడింగులు పొర లోపాలు వెతకడానికి పనికొస్తాయి. వేర్పాటు గురించి మాట్లాడాలంటే మిశ్రమమే నడపాలి.

ఆవేశం కప్పబడడం దగ్గరే పెద్ద పరిమితి ఉంది. మా ఫీడ్‌లో డిబై దూరం, అంటే గోడ ఆవేశం ద్రావణంలో తెలిసే దూరం, సుమారు 1.2 నానోమీటర్లు, పొర రంధ్రాల కొలతకు పోల్చదగ్గది. అయాన్ల బలం అనేక మోలార్లు ఉండే అసలు బ్రైన్‌లో అది 0.2 కిందికి పడిపోతుంది. గోడ ఆవేశం అయాన్‌కు తెలియనే తెలియదు. పైగా ఆస్మాటిక్ ఒత్తిడి వందల బార్లు. ఉయుని బ్రైన్‌ను ఈ పొర మీద నేరుగా పోయలేం, పదుల రెట్లు పలుచన చేయాలి. ఆ ఎడారిలో అన్ని మంచినీళ్లు ఎక్కడివి అన్నది మా ప్రయోగశాలలో తేలే ప్రశ్న కాదు.

21 నుంచి 23: సగం నీరు దాటించి చూడటం

రెండున్నర లీటర్లు దాటేదాకా నడిపాం. లెక్క తేలికే: మిగిలిన ఫీడ్ గాఢత అంటే మొదటి గాఢతను, ఘనపరిమాణం తగ్గిన రెట్లకు రిజెక్షన్ ఘాతం వేసి గుణించడమే. 2కు 0.94 ఘాతం వేస్తే మెగ్నీషియం 909 మి.గ్రా.కు చేరాలి, కూడబెట్టిన పర్మియేట్ నిష్పత్తి 2.05 రావాలి. కొలిస్తే 2.3 వచ్చింది. ఫీడ్ చిక్కబడే కొద్దీ రిజెక్షన్ దిగుతుందని చెప్పడానికి అదే సాక్ష్యం. ఆస్మాటిక్ ఒత్తిడి 3 బార్‌కు చేరి ఫ్లక్స్ 10కి పడింది. మొత్తం దాదాపు రెండు రోజుల పరుగు.

ఈ పర్మియేట్‌నే రెండో విడత అదే పొర మీద నడిపాం. పలుచటి ద్రావణం కాబట్టి ఆవేశం బాగా పనిచేసి నిష్పత్తి 0.14కి వచ్చింది. ఇక్కడితో ఆగి గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, మొదటి విడతలో దాటిన లిథియం మొత్తంలో 40 శాతమే. మిగతా 60 వెనక ఫీడ్‌లోనే ఉంది. రెండో విడతలో ఇంకా పోయింది. గుణకం ఒక్కటే చెప్పి రికవరీ చెప్పని ఫలితాన్ని మేం సగం ఫలితంగానే చూస్తాం. మిగిలిన ఫీడ్‌కు నీళ్లు చేరుస్తూ మళ్లీ నడిపితే లిథియం ఇంకా వస్తుంది, దాటిన నీరంతా తర్వాత ఇంకించుకోవాలి.

ఇంకించడం ఎంతవరకు? లిథియం కార్బొనేట్‌గా దించాలంటే దాని కరిగే హద్దు దాటాలి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 13 గ్రా. కరుగుతుంది, 100 దగ్గర 7 పైచిలుకు. వేడి పెరిగితే తక్కువ కరిగే ఉప్పు ఇది, అందుకే మరిగించి దించుతారు. ఆ మరిగే స్థితిలో కూడా లిథియం లీటరుకు 1,350 మి.గ్రా. దాటాలి. మా దగ్గరున్నది పదిహేడు, పద్దెనిమిది మి.గ్రా.

26వ రోజు: ఇక సోడియం

మిగిలిన కొద్ది మెగ్నీషియాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో దించేశాక ద్రావణంలో సోడియం చేరుతుంది. పాత బ్యాటరీల లోహాలను కరిగించి తీసిన లీచ్ ద్రావణంలోనైనా నికెల్, కోబాల్ట్ తీశాక లిథియం పక్కన మిగిలేది కుప్పలకొద్దీ సోడియమే. రెండూ ఒకే ఆవేశం. పీఈఐ పొర ఇక్కడ దాదాపు గుడ్డిది.

అందుకు వేరే రకం: పాలిమర్ ఇన్‌క్లూజన్ మెంబ్రేన్. రంధ్రాలుండవు. సెల్యులోజ్ ట్రైఅసిటేట్‌లో లిథియాన్ని పట్టుకునే మందు కలిపి ఫిల్ముగా ఆరబెట్టడమే. ఒక వైపు క్షారం, రెండో వైపు ఆమ్లం. మందు క్షారం వైపు ప్రోటాన్ వదిలి లిథియాన్ని పట్టి, ఆమ్లం వైపు లిథియాన్ని వదిలి ప్రోటాన్ తెచ్చుకుంటుంది. ఒత్తిడి అక్కర్లేదు.

9 సెం.మీ. గాజు రింగుకు పాళ్లు: సెల్యులోజ్ ట్రైఅసిటేట్ 0.140 గ్రా., థినాయిల్ ట్రైఫ్లోరో అసిటోన్, అంటే హెచ్‌టీటీఏ, 0.077 గ్రా., టోపో (ట్రైఆక్టైల్ ఫాస్ఫీన్ ఆక్సైడ్) 0.133 గ్రా. డైక్లోరోమీథేన్ 20 మి.లీ.లో నాలుగు గంటలు కలపాలి. రింగులో పోసి, పైన వడపోత కాగితం, గాజు మూత కాస్త ఎత్తిపెట్టి రాత్రంతా వదిలేయాలి. తొందరపడి ఫ్యాన్ పెడితే ద్రావకం ఆవిరయ్యే చలికి తేమ దిగి ఫిల్ము పాలలా తెల్లబడుతుంది. బాగా వచ్చినది గాజులా తేటగా, 50 మైక్రాన్ల మందంలో ఊడివస్తుంది. టోపో పాలు పెంచితే రెండో రోజుకే పైన మంచుగడ్డి లాంటి స్ఫటికాలు మొలిచాయి.

సెల్: ఒక్కోటి 100 మి.లీ. పట్టే రెండు గాజు అరలు, మధ్య 3 సెం.మీ. కిటికీ. ఫీడ్ వైపు లిథియం, సోడియం క్లోరైడ్లు చెరో 0.05 మోలార్, అమ్మోనియా బఫర్, పీహెచ్ 10. అటువైపు 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. 24 గంటలకు ఆమ్లం వైపు లిథియం 4.1 మి.గ్రా., సోడియం 1.7. సోడియం అంకె నమ్మే ముందు ఫిల్ము లేని ఖాళీ ఆమ్లాన్ని అదే సెల్‌లో ఒక రోజు ఉంచి కొలిచాం. 0.6 వచ్చింది! కుళాయి నీళ్లతో కడిగిన గాజు, చేతి చెమట, గదిలో దుమ్ము, అన్నీ సోడియమే. దాన్ని తీసేస్తే 1.1. మోల్స్‌లో లిథియం సోడియానికి సుమారు 12 రెట్లు.

29వ రోజు: ఫిల్ము కరిగిపోవడం

మూడో రోజుకు వేగం సగానికి పడింది. మొదట ఆమ్లం అయిపోయిందేమో అనుకుని మార్చినా లాభం లేదు. 4 సెం.మీ. బిళ్ల తీసి, కడిగి, ఆరబెట్టి తూస్తే 69 మి.గ్రా. కాస్తా 63 అయింది. కిటికీలో తడిసిన భాగంలో ఉన్న హెచ్‌టీటీఏ మొత్తం 8.5 మి.గ్రా. తగ్గిన 6 మి.గ్రా. అదే అయితే మూడింట రెండొంతులు నీళ్లపాలైనట్టే.

రుజువుకు సులువైన పరీక్ష: ఫీడ్ వైపు నీరు 5 మి.లీ. తీసి, ముందు ఆమ్లంతో పీహెచ్ 3కి దించి, ఫెర్రిక్ క్లోరైడ్ రెండు చుక్కలు వేశాం. ఎర్రబడింది. తాజా బఫర్‌తో చేస్తే లేత పసుపు దాటలేదు. ఆమ్లం వేయకుండా చేస్తే ఇటుక రంగు ఐరన్ హైడ్రాక్సైడ్ దిగి ఏమీ తేలదు. హెచ్‌టీటీఏ పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్ వదిలే పీహెచ్, 6 పైచిలుకు. పీహెచ్ 10 దగ్గర అది ప్రోటాన్ వదిలి అయాన్‌గా మారి నీళ్లలోకి జారిపోతుంది. అంతేకాక గట్టి క్షారంలో నిలకడగా ఉండదు, విరిగిపోతుంది. లిథియాన్ని పట్టించే క్షారమే మందునూ పోగొడుతోంది. పీహెచ్ 9కి దించితే జారడం తగ్గింది, లిథియం వేగం అంతకంటే ఎక్కువ తగ్గింది.

31వ రోజు

రెండు ఫిల్ములు ఆరుతున్నాయి. 14వదానిలో హెచ్‌టీటీఏ బదులు ఫ్లోరిన్ లేని, పొడవాటి హైడ్రోకార్బన్ తోక ఉన్న బీటా-డైకీటోన్, అదే మోల్స్‌లో. తోక వల్ల నీళ్లలోకి జారడం తగ్గాలి. పీకేఏ ఎక్కువ కాబట్టి పీహెచ్ 10 కంటే పైకి వెళ్లాల్సి రావచ్చు, అప్పుడు అమ్మోనియా బఫర్ చాలదు. 15వదానిలో పాత మందే, ఫీడ్ వైపు మాత్రం గ్లూటరాల్డిహైడ్‌తో ముడివేసిన పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) పలుచటి పూత. రెండింటి బరువులూ సెల్‌లో పెట్టే ముందు 0.1 మి.గ్రా. దాకా రాసుకున్నాం. ఖాళీ ఆమ్లం ఈసారి ప్లాస్టిక్ సీసాలో, సెల్ పక్కనే పెట్టాం.